ఏదో నొక్కీసుంటావు

“పెట్టె పైకెళ్లిపోతే కింద ఎవరికి నష్టం? ముందు అది చెప్పు,” అన్నాడు సత్యారావు మళ్లీ.

అట్టు పెనానికి అంటుకుని లేవనంటోంది. నూకరత్నం అట్లకాడతో అంచులు విడదీస్తూ వెనక్కి తిరగకుండానే జవాబిచ్చింది. “నాకు నష్టం. మీ అమ్మకి నష్టం. పగలంతా ఇంట్లో ఉండేది మేమిద్దరమే కదేటి?”

“ఉంటే మాత్రం? పగలు మీకు అది పెట్టుకోడం రావట్లేదు కదా. పెట్టుకోడం రానిదానికి నష్టమేటి?”

“రాకపోతే వచ్చేలాగ చేస్తారా, పట్టుకుపోతారా?”

సత్యారావు అట్టు ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. వాదన కాఫీల దగ్గర మొదలై, స్నానాలు దాటి, టిఫిన్ల దాకా వచ్చింది. షాపు తీసే వేళయింది కనక ఎవరో ఒకరు ఆపాలి. ఎవరూ ఆపడం లేదు.

“అమ్మా, నీ ఫోన్ మార్చేస్తే అయిపోతాది,” అన్నాడు ఉమామహేష్ గుమ్మంలో కూర్చుని బూటు తాళ్లు కట్టుకుంటూ. అనకాపల్లి బస్సు దొరకాలని అతని తొందర. “యాప్ తీసేసి మళ్లీ ఎక్కించేను. నాన్న ఫోన్లో వస్తంది, నా దాన్లో వస్తంది, కీర్తి దాన్లో వస్తంది. నీ దాన్లోనే రావట్లేదు. వైఫై గుర్తు చూస్తే నిండుగా ఉంది. ఇంకేటి చెయ్యమంటావు? ఏదో నొక్కీసుంటావు.”

“నేనేటి నొక్కేనురా?”

“అదేటో తెలిస్తే నేనే సరిచేసేద్దును కదా.”

ఆ ఇంట్లో గ్రైండరు తిరగకపోయినా, వాషింగ్ మెషీన్ నీళ్లు వదలకపోయినా, ఫ్రిజ్ గడ్డకట్టినా ముందు వినపడే మాట అదే. విని విని నూకరత్నానికి ఎంత అలవాటయిందంటే, ఏ వస్తువు ఆగినా ఆవిడ ముందు తన వేళ్ల వైపే చూసుకునేది.

పెట్టె అని వాళ్లు అనేది, ఉమామహేష్ ఆఫీసులో పాతవి తీసేస్తుంటే కొని తెచ్చిన చిన్న కంప్యూటర్ని. దాన్ని హాల్లో టీవీకి తగిలించి ఏదో సాఫ్ట్‌వేర్ వేశాడు. ఇంట్లో ఉన్న సినిమాలు, పెళ్లి వీడియోలు, పాటలు అన్నీ టీవీ మీద బొమ్మలై వరసగా నిలబడతాయి. కావలసిన బొమ్మ మీద నొక్కితే మొదలవుతుంది. నొక్కడానికి ఒక కీబోర్డు ఉండేది గానీ, సత్యారావు దాని మీద టీ ఒలకబోసిన రోజుతో దాని పని అయిపోయింది. ఫోనుండగా కీబోర్డెందుకని ఉమామహేష్ అందరి ఫోన్లలోనూ రిమోట్ యాప్ వేశాడు. యాప్ తెరిస్తే అది ఇంటి వైఫైలో వెతికి ‘హాల్ టీవీ’ అని పేరు చూపిస్తుంది. పేరు మీద వేలు పెడితే పెట్టె చెప్పినట్టు వింటుంది. నూకరత్నం ఫోన్లో ఆ పేరు రాదు. చక్రం ఒకటి తిరిగి తిరిగి, ఏమీ దొరకలేదని చెప్పి ఆగిపోతుంది.

“ఆదివారం షాపు మూసేస్తాను. టీవీనీ పెట్టెనీ ఇద్దరం పట్టుకుని పైగదిలో గోడకి బిగించేస్తాం. మహేషు పెద్ద గది కట్టించుకున్నాడు, బోసిగా ఉంది,” అన్నాడు సత్యారావు చెయ్యి కడుక్కుని. పంపు మోటార్లకి తీగ చుట్టే షాపు అతనిది. వడ్డాది రైతులు రెండు మోటార్లు దింపి వెళ్లారు; అవి విప్పి బల్ల మీద పరిచి ఉన్నాయి. “కరెంటు వస్తువు ఏదైనా సరే, లోపం ఒక్కచోటే ఉంటాదే రత్నం. మూడు ఫోన్లు పలికి నాలుగోది పలక్కపోతే ఆ నాలుగోదాన్లోనే లోపం. ముప్ఫై ఏళ్లుగా మోటార్లు విప్పుతన్నాను.”

అట్టు చివరికి లేచింది, సగం చిరిగి.

మగవాళ్లిద్దరూ వెళ్లాక కీర్తి కాలేజీ సంచి భుజాన వేసుకుని తల్లి పక్కకి వచ్చింది. “అమ్మా, టీవీలో పాఠం పెట్టీసి వెళ్తాను. మొదటినుంచి పెట్టనా, పిందె దగ్గర్నుంచా?”

“పిందె దగ్గర్నుంచి పెట్టు.”

“నువ్వు మగ్గం దగ్గర కూర్చున్నాక నొక్కుతాను. ఎల్లు, ఎల్లు.”

*

మగ్గం మధ్యగదిలో ఉంది. అక్కడ అత్త అచ్చియ్యమ్మ మంచం ఉంది కాబట్టి మగ్గమూ అక్కడే ఉండాలి. బాత్రూములో జారి తుంటి విరిగిన దగ్గర్నుంచి అత్తని విడిచి పక్కింటికి కూడా వెళ్లడానికి లేదు. బస్టాండు వెనక చిన్నారి మేడం దగ్గర మగ్గం పని నేర్చుకోడానికి వెళ్లేదల్లా మానేస్తే, “ఇంట్లోనే నేర్చుకో రత్నం” అని ఆవిడ పాఠాలన్నీ వీడియోలు తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది. ఫోన్లో చూస్తే సూది కొస ఎటు తిరిగిందో కనబడదు. టీవీలో అయితే సూది గునపమంత ఉంటుంది. కొసన కొక్కెం దారాన్ని ఎలా పట్టుకుంటోందో, పట్టుకుని ఎలా మెలి తిరుగుతోందో కంటికి ఆనుతుంది.

కాకపోతే టీవీ హాల్లో ఉంది. మధ్యగది గుమ్మంలోంచి దానిలో సగమే కనబడుతుంది. నూకరత్నం పీట కాస్త ఎడమకి జరుపుకుని, మెడ కుడికి వంచి కూర్చుంటుంది.

ఎరుపు పట్టు ముక్క మగ్గానికి నాలుగు వైపులా దారాలతో లాగి కట్టి ఉంది. వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఎడమచెయ్యి గుడ్డ కింద జరీ దారం పట్టుకుని ఉండాలి. కుడిచెయ్యి పైనుంచి సూది గుచ్చాలి. కింద దారం కొక్కేనికి అందించాలి, పైకి లాగాలి, ఆ ఉచ్చులోంచే మళ్లీ గుచ్చాలి. గొలుసులా సాగిపోతుంది కుట్టు. సాఫుగా ఉన్నంతసేపూ నూకరత్నం చేతికి ఇబ్బంది లేదు. మామిడి పిందె కొస దగ్గరకి వచ్చేసరికి మాత్రం కుట్టు వదులై లేచిపోతుంది. పిందె మొన తేలకుండా గుండ్రంగా, శనగ్గింజలా తయారవుతుంది.

టీవీలో మేడం చెయ్యి పిందె కొస దాకా వచ్చింది. నూకరత్నం ఊపిరి బిగబట్టింది. అక్కడ మేడం ఏదో చేస్తుంది. ఒక్క క్షణం. చెయ్యి ఆగుతుంది, ఏదో జరుగుతుంది, మళ్లీ వెనక్కి బయల్దేరుతుంది.

“కోడలా, మంచినీళ్లు,” అంది అచ్చియ్యమ్మ.

నూకరత్నం సూది గుడ్డలో దించి లేచింది. ఎడమచేతి దారం జారిపోయింది. చెంబు అందించి వచ్చి కూర్చునేసరికి మేడం పిందె పూర్తి చేసి పువ్వు మీదకి వెళ్లిపోయింది.

“ఆ బొమ్మ ఎల్లిపోనాదా?” అంది అచ్చియ్యమ్మ, నీళ్లు తాగి మూతి తుడుచుకుంటూ.

“ఎల్లిపోయింది అత్తా.”

“పిలు మరి.”

“పిలిస్తే రాదు. కీర్తి రావాలి, కాలేజీ నుంచి.”

“ఎవులి సేతిలో ఉంటే ఆలకే ఇనాలనేటి అది? నా తప్పేనే. నాను సచ్చినట్టు దాహం ఓర్సుకోవలసింది.”

“అలా అనకత్తా.” నూకరత్నానికి నవ్వొచ్చింది. “నీళ్లు తాగడం తప్పేటి?”

తన ఫోన్ తీసి యాప్ తెరిచింది. చక్రం తిరిగింది. ఏమీ దొరకలేదంది. ఆవిడ ఫోన్ బోర్లా పెట్టి, టీవీలో మేడం చేతులు పువ్వులు కుట్టుకుంటూ పోతుంటే అలా చూస్తూ కూర్చుంది. ఆ పాఠం అయిపోతే దాని తర్వాతది దానంతటదే మొదలైంది. అదీ అయింది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది.

మధ్యాహ్నం వెనక వీధి పైడితల్లి వచ్చింది. ఆవిడ రెండో కూతురి పెళ్లి జాకెట్టు కోసం. చేతుల అంచున మామిడి పిందెల వరస కావాలి. ముక్క మీద కుట్టి చూపిస్తే ఇస్తానంది మొదట్లోనే. మగ్గం మీద వంగి పిందెలని దగ్గరగా చూసి, ఏదో అనబోయి ఆగింది.

“ఇంకా మొన తిరగలేదు,” అంది నూకరత్నం తనే.

“నీ చెయ్యి బాగుంటాది వదినా, నాకు తెల్దేటి. మా పెళ్లికూతురు గుంటకే తొందర. ఆదివారం వస్తాను. అప్పటికి కుదిరితే నీకే. లేదంటే అనకాపల్లిలో ఇచ్చేద్దాం అంటంది అది. ఏటనుకోకు.”

“ఏటీ అనుకోను. ఆదివారం రా.”

పైడితల్లి వెళ్లాక నూకరత్నం కుట్టిన పిందెలన్నీ సూది మొనతో విప్పేసింది. జరీ దారం ముడతలు పడి ఒళ్లో రాలింది. ఆదివారం పైడితల్లి వస్తుంది. ఆదివారమే పెట్టె మెట్లెక్కుతుంది. పైగదికి వెళ్లి కూర్చుని నేర్చుకుందామంటే కింద అత్త ఒక్కతీ.

*

శుక్రవారం ఝాన్సీ వచ్చింది. సత్యారావు చెల్లెలు, కె.కోటపాడులో ఉంటుంది. తల్లిని చూడాలనిపిస్తే ఆటో ఎక్కేస్తుంది. వస్తూ తల్లికి చోడిపిండి, వదినకి కరివేపాకు కొమ్మలు తెచ్చింది.

“అంబలి కాసి పెట్టు వదినా అమ్మకి. నువ్వు మగ్గం దగ్గర్నుంచి లేవట్లేదంట? మా అన్నయ్య ఫోన్లో ఒకటే గోల.”

“గోలా? ఏటని?”

“టీవీ కోసం మీ వదిన నాతో మాటాడ్డం లేదూ అని.”

“మాటాడకపోతే ఆయనకి ఆ మాట ఎవరు చెప్పేరంట?”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఝాన్సీ తల్లి మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, అచ్చియ్యమ్మ జుట్టు దువ్వుతూ ఊరి కబుర్లన్నీ చెప్పింది. కాసేపటికి ఫోన్ తీసింది. “వదినా, నా దాన్లో నెట్టు అయిపోయింది. మీ వైఫై చెప్పు.”

వైఫై చెప్పడం నూకరత్నం పని. చుట్టాలొస్తే మంచినీళ్లు, కాఫీ, ఆ తర్వాత వైఫై. అడిగేది ఎప్పుడూ ఆవిడనే, ఇంట్లో ఉండేది ఆవిడే కనక. “బెల్లం. ఇంగ్లీషులో. తర్వాత ఒకటి, రెండు, మూడు,” అంది అంబలి గరిటె తిప్పుతూ.

“అది పాస్‌వర్డు. పేరేది? ఇక్కడ రెండు కనపడతన్నాయి. ఒకటి సత్యారావు హౌస్, ఒకటి చుట్టాలు.”

“చుట్టాలు నొక్కు.”

ఝాన్సీ దువ్వెన ఆపింది. “ఏటేటీ? నేను చుట్టాన్నా? పుట్టింటికొచ్చి చుట్టాల్లో కలవాలా? ఉండు, మా అన్నయ్య రానీ, అడుగుతాను.”

“మహేషు పెట్టేడమ్మా ఆ పేరు. పైగది పూజకి అందరూ వచ్చినప్పుడు పిల్లలందరూ ఎక్కీసరికి నెట్టు కదలట్లేదని వేరేగా పెట్టేడు.”

“మరి నీదేది? సత్యారావు హౌసా?”

“నాదీ అదే. చుట్టాలే. ఆ వేళ మహేషు నా ఫోన్లోనే కలిపి చూపించేడు, ఎవరైనా అడిగితే ఇలగ చెప్పమ్మా అని.”

“బాగుంది!” ఝాన్సీ పకపకా నవ్వింది. “ఆడపడుచూ చుట్టమే, వదినా చుట్టమే. మరింక ఇంటోళ్లెవరు వదినా?”

నూకరత్నం కూడా నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగింది. అంబలి మీద బుడగ ఒకటి లేచి పగిలింది. ఆవిడ స్టవ్ చిన్నది చేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, తన ఫోన్ తెచ్చుకుంది. వైఫై గుర్తు మీద వేలు ఆనించి పట్టుకుంది, కీర్తి ఎప్పుడో చేస్తుంటే చూసినట్టు. పేర్లు వచ్చాయి. ‘చుట్టాలు’ పక్కన టిక్కు ఉంది. ‘సత్యారావు హౌస్’ పక్కన తాళం బొమ్మ ఉంది.

ఇంటి వైఫైలో వెతుకుతుంది యాప్, అన్నాడు మహేషు. ఇంటి వైఫైలో.

“ఏటి వదినా, కోపమొచ్చిందా? సరదాకన్నాను.”

“నీ మీద కోపమేటే. కాసేపుండు, అంబలి అడుగంటుతాది,” అంది నూకరత్నం. ఫోన్ మాత్రం చేతిలోంచి దించలేదు.

ఝాన్సీ ఆటో ఎక్కి వెళ్లిపోయిన కాసేపటికి కీర్తి వచ్చింది. సంచి ఇంకా దించనే లేదు, తల్లి ఎదురొచ్చింది.

“నీ ఫోన్లో వైఫై పేరేటే?”

“సత్యారావు హౌస్. ఏం?”

“దాని పాస్‌వర్డు చెప్పు.”

“నాకేటి తెలుసమ్మా, అన్నయ్య పెట్టిచ్చేడు. అయినా పాస్‌వర్డెందుకు, నా ఫోన్లో గళ్ల బొమ్మ వస్తాది, నీ ఫోన్‌తో ఫోటో తీసినట్టు చూపిస్తే అదే కలిసిపోతాది. నీకెందుకూ, నీ దాన్లో వైఫై వస్తంది కదా?” అంటూనే తల్లి ఫోన్లోకి తొంగిచూసింది. చూసి నోరు తెరిచింది. “అమ్మా! నువ్వు చుట్టాల్లో ఉన్నావేటి!”

“అక్కడే ఉన్నాను. పైగది పూజ దగ్గర్నుంచీ.”

గళ్ల బొమ్మ చూపించడానికి ఎంతోసేపు పట్టలేదు. టిక్కు కిందినుంచి పైపేరు పక్కకి మారింది. నూకరత్నం యాప్ తెరిచింది. చక్రం తిరిగింది. ఆవిడ అలవాటు కొద్దీ చూపు పక్కకి తిప్పుకోబోయింది. ఈలోగా చక్రం ఆగి, దాని చోట రెండు మాటలు వచ్చి కూర్చున్నాయి: హాల్ టీవీ.

వేలు పెట్టింది. హాల్లో నల్లగా ఉన్న టీవీ మీద బొమ్మల వరసలు వెలిగాయి. ఇంకోసారి నొక్కింది. ఒక బొమ్మ మీద నుంచి పక్క బొమ్మ మీదికి వెలుగు గెంతింది. మళ్లీ నొక్కింది. మళ్లీ గెంతింది.

“అన్నయ్యకి ఫోన్ చేస్తాను ఉండు,” అంది కీర్తి. “ఎన్నాళ్లన్నాడు నీ ఫోన్ మంచిది కాదని!”

“వద్దు.” నూకరత్నం కూతురి మణికట్టు పట్టుకుంది. “ఆదివారం దాకా ఎవరికీ చెప్పకు. నేను చెప్తాను.”

“ఎందుకు?”

“ఆలోచించుకోవాలి.”

ఆ సాయంత్రం సత్యారావు స్నానం చేసి, బనీనుతో పడక్కుర్చీలో కూర్చుని, రోజూలాగే పాత సినిమా పెట్టుకున్నాడు. కత్తియుద్ధం జోరుగా ఉంది. వంటింట్లో నూకరత్నం వంకాయలు కోస్తోంది. కత్తిపీట పక్కన ఫోన్ ఉంది. మధ్యగదిలోంచి అచ్చియ్యమ్మ ఏదో అడుగుతోంది. కత్తుల చప్పుడులో ఏమీ వినబడడం లేదు. నూకరత్నం చిటికెన వేలితో ఫోన్ మీద తట్టింది.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

“మజ్జిగ కావాలంటన్నాను,” అంది అచ్చియ్యమ్మ గొంతు ఇప్పుడు స్పష్టంగా.

“తెస్తన్నానత్తా.”

హాల్లో సత్యారావు తన ఫోన్ నొక్కి సినిమా మళ్లీ నడిపించాడు. మజ్జిగ ఇచ్చి వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నాక నూకరత్నం ఇంకోసారి తట్టింది. అదెందుకు తట్టిందో ఆవిడకే తెలీదు. కత్తి ఎత్తిన వీరుడు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

“ఒరే మహేషూ! పెట్టె ఆగాగిపోతందిరా!”

ఉమామహేష్ మెట్ల మీద నుంచే కేకేశాడు. “ఏదో నొక్కీసుంటావు నాన్నా!”

“నేనేటీ నొక్కలేదురా! చెయ్యి కూడా పెట్టలేదు!”

“చెయ్యి పెట్టకపోతే ఎందుకాగుతాది? చూసుకో, ఏదో నొక్కీసుంటావు.”

“నొక్కలేదంటంటే ఇనవేటిరా! నన్ను చూస్తే ఏటీ తెలీనోడిలాగ ఉన్నానా?” సత్యారావు గొంతులో నిజంగానే రోషం వచ్చింది.

కీర్తి చున్నీ కొస నోట్లో కుక్కుకుని వంటింటి గోడకి జారబడింది. నూకరత్నం వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేస్తూ వింటోంది. ఇన్నేళ్లలో ఆ మాట ఈ ఇంట్లో ఇంకొకరికి తగలడం ఆవిడ వినడం ఇదే మొదటిసారి. పాపం అనిపించింది. ఆ పాపం అనిపించడం కూడా కొత్తగా, బాగానే ఉంది. సినిమా మళ్లీ ఆపలేదు.

*

శనివారం ఇల్లు ఖాళీ అవుతూనే నూకరత్నం పీట వేసుకుంది. ఫోన్ని మగ్గం చట్రం మీద, కుడిచేతికి అందేటట్టు, రబ్బరుబ్యాండుతో బిగించింది.

మేడం చెయ్యి పిందె కొస దాకా వచ్చింది. తట్టింది. చెయ్యి ఆగిపోయింది, గాలిలో. కొంచెం వెనక్కి పంపింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆపింది. మెడ వంచి, కళ్లు చికిలించి చూసింది. కొసన మేడం సూదిని ముందుకు గుచ్చడం లేదు. ఉచ్చుని గట్టిగా కిందకి లాగి, దాన్ని ఆనుకునే చీమ తలంత చిన్న కుట్టు వేసి బంధిస్తోంది. అప్పుడు కొక్కేన్ని తనవైపు తిప్పుకుని వెనక్కి బయల్దేరుతోంది. అంతే. రెప్పపాటులో అయిపోయే పని. ఇన్నాళ్లూ ఆ రెప్పపాటే ఆవిడకి అందలేదు.

“ఇంకోపాలి ఎనక్కి తిప్పు,” అంది అచ్చియ్యమ్మ మంచం మీద నుంచి మెడ సాచి.

“నీకు కనపడతందా అత్తా?”

“సూది కనపడతంది. సగం సెయ్యి కనపడతంది. మెడ పట్టీసింది గానీ, నువ్వు తిప్పు.”

నూకరత్నం తిప్పింది. తన సూది గుచ్చింది. ఉచ్చు లాగింది, బంధించింది, కొక్కెం తిప్పింది. మొదటి పిందె మొన కాస్త వంకర వచ్చింది. విప్పలేదు, పక్కనే ఇంకొకటి మొదలుపెట్టింది. దాహమని అత్త అంటే ఆపి లేచింది. వచ్చి చూస్తే మేడం చెయ్యి ఎక్కడ వదిలిందో అక్కడే ఆవిడ కోసం ఆగి ఉంది. నూకరత్నం నిలబడే ఆ చేతిని కాసేపు చూసింది. తర్వాత కూర్చుంది.

పొద్దు వాలేసరికి ఎర్రపట్టు అంచున పిందెలు బారుగా నిలిచాయి. చివరివాటి మొనలు తాకితే గుచ్చుకునేలా ఉన్నాయి.

“ఝాన్సీ పెళ్లి వీడియో ఉందంటన్నారు దాన్లో. ఏదీ, ఎట్టు,” అంది అచ్చియ్యమ్మ.

పెట్టింది. అత్త మంచం అంచుకి జరిగి, తలుపు సందులోంచి కనపడే సగం పెళ్లి చూసింది. పెళ్లికూతురు కనబడింది. పెళ్లికొడుకు తలుపు చాటున ఉండిపోయాడు.

*

ఆదివారం పైడితల్లి పొద్దున్నే వచ్చేసింది. ముక్కని వాకిట్లో వెలుగుకి పట్టి చూసింది. వేలికొసతో ఒక్కొక్క మొన తడిమింది. “మా గుంటకి చూపించి వస్తాను,” అని పట్టుకెళ్లింది. కాఫీ గ్లాసులు కడిగేలోపు జాకెట్టు గుడ్డతో తిరిగొచ్చింది. “వియ్యపురాలు కూడా చూసింది వదినా. ఆవిడకీ ఒకటి కావాలంట. నీకు ఖాళీ ఉంటే.”

“చూసి చెప్తాను,” అంది నూకరత్నం. గుడ్డని పసుపు రాసిన సంచిలో పెట్టి మధ్యగదిలో బీరువా పైన ఉంచింది.

టిఫిన్లయ్యాక ఉమామహేష్ స్టూలు ఎక్కాడు. సత్యారావు కింద నిలబడి ఒక చేత్తో టీవీని, ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్ల డబ్బాని పట్టుకున్నాడు. ఇద్దరికీ ఇలాంటి పనంటే సరదా. అచ్చియ్యమ్మని కుర్చీలో కూర్చోబెట్టి గుమ్మం దగ్గరకి జరిపింది కీర్తి, మామ్మకి అన్నీ కనబడాలని.

“తీగలు పీకేముందు ఏది ఎక్కడిదో గుర్తెట్టుకోరా,” అన్నాడు సత్యారావు.

“తెలుసు నాన్నా.”

అతను గోడ వైపు తిరిగి మొదటి మరమేకు వదులు చేస్తున్నాడు. అప్పుడు అతని మొహం పక్కనే టీవీ వెలిగింది. బొమ్మల మీద వెలుగు వరసగా గెంతి ఒకచోట ఆగింది. ఎర్రపట్టు, దాని మీద గునపమంత సూది లేచి నిలబడింది.

“నొక్కకు నాన్నా, మీద పడతాది.”

“నా ఫోన్ బల్ల మీదుందిరా,” అన్నాడు సత్యారావు రెండు చేతులూ చూపించలేక డబ్బాని ఊపుతూ.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. వంటింటి గుమ్మంలో నూకరత్నం, చేతిలో ఫోన్‌తో. ఆవిడ వేలు కదిలింది. సూది ఆగింది. ఇంకోసారి కదిలింది. సూది వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది.

“ఎలా వచ్చిందమ్మా?” ఉమామహేష్ స్టూలు దిగాడు.

“నేను చుట్టాల్లో ఉన్నానురా. ఇంట్లోకి వచ్చేను. వచ్చింది.”

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఫోన్ తీసుకుని చూశాడు. పేర్లు చూశాడు. మెడ దగ్గర్నుంచి ఎర్రబడ్డాడు. “అమ్మా... చుట్టాల దాన్లోంచి ఇంట్లో వస్తువులు కనపడకుండా పెట్టింది నేనే. పిల్లలు పెట్టెని కెలికేస్తన్నారని. నీ ఫోన్ అందులోనే ఉండిపోయిందని... గుర్తు చూసేను గానీ పేరు చూళ్లేదు.”

“పోనీలే.”

“ఫోన్ మంచిది కాదన్నాను.”

“అన్నావు,” అంది నూకరత్నం.

సత్యారావు టీవీని పట్టుకునే ఉన్నాడు. “నాలుగో ఫోన్లోనే లోపమన్నాను నేను,” అన్నాడు నెమ్మదిగా. “తీగ ఎక్కడికి కలిపేరో చూడకుండా మోటారుని తిట్టినట్టుంది.” తర్వాత కొడుకు వైపు తిరిగి, “సరే, వచ్చింది కదా. మర బిగించీరా. పైకొద్దు. ఇక్కడే ఉండనీ,” అన్నాడు, పెద్దమనసుతో.

“మర తియ్యరా,” అంది నూకరత్నం.

గొంతు పెంచలేదు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. “టీవీ మధ్యగదిలోకి మారుతంది. అత్త మంచానికి ఎదురుగోడకి. మగ్గం అక్కడే ఉంది కాబట్టి. పైడితల్లి జాకెట్టు ఒప్పుకున్నాను. వాళ్ల వియ్యపురాలిది కూడా ఒప్పుకుంటాను. పగలు పని నడుస్తాది. రాత్రి భోజనాలయ్యేక ఎవరికేది కావాలంటే అది చూసుకుందురు గాని, చాప వేస్తాను.”

ఉమామహేష్ తండ్రి మొహం చూశాడు. తండ్రి గోడ చూశాడు. అచ్చియ్యమ్మ మాత్రం కుర్చీలో సర్దుకుని, “కీర్తీ, నన్ను మంచం మీదకి తీసుకుపోయే. మేకు ఎక్కడ కొట్టాలో నాను సెప్తాను. పెళ్లికొడుకు కూడా కనపడాల,” అంది.

ఉమామహేష్ మళ్లీ స్టూలు ఎక్కి రెండో మర వదులు చెయ్యడం మొదలుపెట్టాడు.

“మరి నా సినిమా?” అన్నాడు సత్యారావు, టీవీ బరువు చేతుల మీదకి దిగుతుంటే.

“చూద్దురు గాని, చాప వేస్తానన్నాను కదా.”

“మధ్యలో ఆగిపోతంటే?” ఆ మాట అంటూనే అతనికి ఏదో తట్టినట్టయింది. భార్య చేతిలోని ఫోన్ వైపు, తర్వాత భార్య మొహం వైపు చూశాడు.

“ఆగితే,” అంది నూకరత్నం, వంటింట్లోకి తిరుగుతూ, “ఏదో నొక్కీసుంటారు.”